అమ్మ పేరున దొంగిలించిన మాట

మీ ఎడమ జబ్బ మీద గుండ్రటి మశూచి టీకా మచ్చ ఉందా? మీ వయసుకు లేకపోతే మీ అమ్మ జబ్బ చూడండి, మీ తాత జబ్బ చూడండి. అది ఎవరు చెబితే వేయించుకున్నారో వాళ్ళను ఎప్పుడైనా అడిగారా?

విడవలూరికి తూర్పున, సముద్రం ఒడ్డున నేను పెరిగిన పాలెంలో ఆ మచ్చను ఇప్పటికీ 'అమ్మ ముద్ర' అంటారు. పోలేరమ్మ గుడి ఈమధ్య సిమెంటుతో కొత్తగా కట్టి, గోడ మీద ఆ మచ్చ కథను రంగుల్లో వేయించారు. అమ్మవారు కూర్చుని చెయ్యి చాపింది. ఆమె వేలి చివర నుంచి వెలుగు వచ్చి పిల్లల జబ్బల మీద పడుతోంది. ఆ బొమ్మలో టీకాల ఉద్యోగి లేడు. మా నాన్న లేడు, ఆయన లేకపోవడమే న్యాయం. చేతులు చాపమన్న మాట తన నోటితో పలికిన మనిషి కూడా లేడు. నా కోపం అక్కడే.

అమ్మవారి కిందటి సంబరానికి ముందు, పాత ధర్మకర్త గారి మనవడు మా ఇంటికి వచ్చాడు. గుడి తరఫున ప్రత్యేక సంచిక తెస్తున్నారట. "మీరు నాస్తికులని తెలుసు మేడం. కానీ ఆ రోజు కళ్ళారా చూసి, రాయగలవాళ్ళు మీరే మిగిలారు. చూసింది చూసినట్టు రాయండి, చాలు" అన్నాడు. చూసింది చూసినట్టే రాసి పంపాను. వాళ్ళు వేసుకోలేదు. అందుకని ఇక్కడ వేస్తున్నాను, కొంచెం ఎక్కువే రాసి.

మా నాన్న బడిపంతులు. రైతుల ఊరికీ చేపలు పట్టే పల్లెకారుల పాలేనికీ మధ్య ఇసుక దిబ్బ మీద ఉండేది బడి. దాని వెనక రెండు గదుల్లో మేం. నెల్లూరు టౌనులో చదువుకునే రోజుల్లోనే ఆయన దేవుణ్ణి వదిలేశాడు. సంస్కరణ సభల్లో, వాదాల్లో ఆరితేరాడు. మా ఇంట్లో పటాలు లేవు, పండగలు లేవు. భోజనాల దగ్గర కూడా వాదమే. నేను అన్నం వద్దంటే కారణాలు చెప్పమనేవాడు. వాదనలో ఓడిపోవడం ఒక్కటే ఆయనకు తెలిసిన పాపం.

అలాంటి మనిషికి ప్రాణ స్నేహితుడు ఎవరనుకున్నారు? పాలెం గణాచారి. అంటే పోలేరమ్మ పూనినప్పుడు ఆమె మాట చెప్పే మనిషి. ఆరడుగుల పొడవు, భుజాల దాకా జుట్టు, మొహం నిండా స్ఫోటకం గుంటలు. చిన్నప్పుడు పెద్దమ్మవారు పోసి బతికి బయటపడ్డాడు. అమ్మ ముద్దు పెట్టుకున్న మొహమని అప్పుడే పాలెం పెద్దలు బెత్తం, గజ్జెలు ఇచ్చి గణాచారిని చేశారు. మిగతా రోజుల్లో అందరితోపాటు పెద్దవల లాగేవాడు, కల్లు తాగేవాడు, ఎవరిమీద పడితే వాళ్ళమీద ఛలోక్తులు విసిరేవాడు.

సాయంత్రం బడి వదలగానే వసారా మీదికి వచ్చి కూలబడేవాడు. మా నాన్న ఎప్పుడూ ఒకే ప్రశ్నతో పలకరించేవాడు.

"ఏమయ్యా, ఇవాళ అయ్యవా, అమ్మవా?"

"అమ్మ ఎండకు తాళలేక పడుకోనుండాది అయ్యోరా. నేనొక్కణ్ణే వచ్చినా."

వస్తూ వస్తూ తాటాకు బుట్టలో చేపలు తెచ్చేవాడు. మా నాన్న తినడు. పుట్టిన ఇంట్లో అలవాటు లేదు. ఎగతాళికి అదొక్కటి దొరికేది గణాచారికి.

"దేవుణ్ణి వదిలినావు, పండగలు వదిలినావు, ఈ పప్పును మాత్రం వదల్లేకుండా ఉండావే. దేవుడి కంటే కందిపప్పు గట్టిదా ఏంది?"

"పప్పు కనపడుతుందయ్యా. రుజువుంది."

"చేప కనపళ్ళేదా? ఇంత లావు ఉండాది, కళ్ళు తెరుచుకోని నిన్నే చూస్తా ఉండాది."

మా అమ్మ లోపల నవ్వు ఆపుకోలేకపోయేది. ఆ చేపల్ని ఆమె, నేను పెరట్లో పొయ్యి పెట్టుకుని వండుకు తినేవాళ్ళం. వాళ్ళిద్దరూ పొద్దుగూకేదాకా అరుచుకునేవాళ్ళు. నీకు పూనకం వచ్చినప్పుడు నువ్వు చెప్పేది నీకు తెలుస్తుందా అని మా నాన్న అడిగేవాడు. తెలిసీ తెలీనట్టుంటది, నువ్వు బడిలో పిల్లోళ్ళ మీద అరిచేటప్పుడు నీకు తెలుస్తదా అని ఆయన ఎదురడిగేవాడు. ఎవరూ ఎవర్నీ మార్చలేదు. ఎవరూ రావడం మానలేదు. మా నాన్న అంత సంతోషంగా ఉండటం నేను మరెక్కడా చూడలేదు.

యాభైల చివర్లో ఒక వేసవికి చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దమ్మవారు మొదలైంది. రైతుల ఊళ్ళో ఇద్దరు పిల్లలు పోయారు. పాలెంలో గడపలకు వేపమండలు కట్టారు, కూరల్లో తాలింపు మానేశారు, చాకలికి బట్టలు వేయడం మానేశారు. విడవలూరు నుంచి టీకాలు వేసే ఉద్యోగి సైకిలు మీద వచ్చాడు. ఆయన సంచి కనపడగానే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని సరుగుడు తోపుల్లోకి పారిపోయారు. అమ్మ రాకముందే సూదితో ఆమెను అడ్డగిస్తే ఊరుకుంటుందా అని వాళ్ళ భయం. మా నాన్న ఇంటింటికీ తిరిగి గొంతు పోయేట్టు చెప్పాడు. మర్యాదగా విని తలుపులు వేసుకున్నారు.

పాలెంలో శాంతి చేయించడానికి పెద్దలు రోజు నిర్ణయించారు. దానికి ముందు సాయంత్రం వసారా మీద జరిగిన మాటలు నేను గుమ్మానికి ఆనుకుని విన్నాను. మా నాన్న చేతులు పట్టుకుని అడిగినంత పని చేశాడు.

"రేపు నీకు పూనుతుంది కదా. టీకా వేయించుకోండి అని ఒక్క మాట చెప్పు. చాలు. నువ్వు చెబితే వింటారు."

"నువ్వు చెప్పమన్న మాట నేను చెప్తే అది అమ్మ మాట యాడవుద్ది? నీ మాట అవుద్ది. నీకు నోరుండాది గదా, నువ్వే చెప్పుకో."

"నా మాట వినడం లేదయ్యా. పిల్లలు చస్తారు."

"నేను చెప్పను అయ్యోరా. ఆ పొద్దుకి నా నోరు నాది కాదు. నువ్వు నమ్మవు, నేను నమ్ముతా. దాంతో ఆటలాడను."

లేచి వెళ్ళిపోయాడు. చేపల బుట్ట మరిచిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఇసుక కాలిపోతోంది. పంబ డోలు మోగుతోంది. పసుపు నీళ్ళు పోస్తున్నారు. గణాచారి జుట్టు విరబోసుకుని, బెత్తం పట్టుకుని గుడి ముందు ఊగుతున్నాడు. పెద్దలు వంగి అడిగారు, తల్లీ, ఏం తప్పు చేశాం, బిడ్డల మీదికి ఎందుకు వచ్చావని. ఆయన ఊగడం ఆపాడు. చూపుడు వేలితో తన మొహం మీది గుంటలు తడుముకున్నాడు. తర్వాత మాట్లాడాడు. రోజూ మా వసారాలో వినే గొంతే.

"ముద్ర ముఖాన వేస్తే ఏడస్తా ఉండారే. సరే. ఈసారి ముఖాన వెయ్యను. చేతి మీద వేసుకుంటా. ఆ సైకిలు బిడ్డ చేతికి నా ముద్ర ఇచ్చి పంపినా. ఆయన్ని తరిమితే నన్ను తరిమినట్టే. చేతులు చాపండి."

పంబ ఆగిపోయింది. తర్వాత ఒక ముసలమ్మ ముందుకు వచ్చి రవిక చేతిని పైకి లాక్కుంది. ఆ తర్వాత అందరూ. గుంపు వెనక సైకిలు పట్టుకుని నిలబడ్డ టీకాల ఉద్యోగి వచ్చి సంచి విప్పాడు. చిన్న ముళ్ళ బిళ్ళను జబ్బ మీద ఒత్తి తిప్పడం, ఇంకొకరిని పిలవడం. పొద్దు వాలేదాకా అదే పని. ఆ ఏడు రైతుల ఊళ్ళో ఇంకొందరు పోయారు. పాలెంలో ఒక్క బిడ్డ కూడా పోలేదు.

ఆ సాయంత్రం గణాచారి రాలేదు, అలసటతో పడుకున్నాడు. మా నాన్న వసారా మీద పచార్లు చేస్తూ మా అమ్మతో అన్నాడు. "నేను అడిగిన మాట కాదది. ముద్ర అనే ముక్క నాకు తట్టలేదు. నేను వందేళ్ళు ఆలోచించినా తట్టేది కాదు." ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి. ఆయన చెప్పాడు, నేను విన్నాను.

మరుసటి ఏడు నెల్లూరు టౌనులో ఒక వాద సభ. మా నాన్న పక్షాన ఆయన స్నేహ బృందం, అవతల పేరున్న పౌరాణికుడు. నన్ను కూడా తీసుకువెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాడు. హాలు నిండిపోయింది. మా నాన్న బాగా మాట్లాడాడు. చివర్లో పౌరాణికుడు నింపాదిగా లేచి అడిగాడు.

"మాస్టారూ, మీ పాలెంలో టీకాలు వేయించింది ఎవరు? మీ సైన్సా, పోలేరమ్మా? మీ సైన్సు అమ్మవారి కొంగు పట్టుకుని పాలెంలోకి నడిచి వచ్చిందని విన్నాను. అవునా, కాదా?"

హాలంతా నవ్వింది. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. మా నాన్న మెడ మీద నరాలు తేలడం నాకు కనిపించింది.

"అమ్మవారు పలకలేదు" అన్నాడు. "గణాచారి నా స్నేహితుడు. ముందు రోజు నేనే అడిగాను. నేను పలకమన్న మాటే పలికాడు."

చప్పట్లు మోగిపోయాయి. పౌరాణికుడు కూర్చున్నాడు. బృందంలో వాళ్ళు మా నాన్నను భుజాల మీదికి ఎత్తినంత పని చేశారు. వచ్చేటప్పుడు బస్సులో అడిగాను: "నాన్నా, ఆయన చెప్పనన్నాడు కదా?"

"ఊరుకో" అన్నాడు. నాకు ఏ ప్రశ్నకూ ఆయన అలా జవాబు చెప్పలేదు, అంతకుముందు.

ఆ హాల్లో మా రైతుల ఊరి గుడి ధర్మకర్త కూర్చుని ఉన్నాడు. ఆయన్ను గురించి ఒక మాట. పాలెంలో పోలేరమ్మ గుడి చుట్టూ ఉన్న సరుగుడు తోపు తనదని ఆయన వాదన. అది పాలెం ఉమ్మడి తోపు, అమ్మది, ఎవడూ గొడ్డలి పెట్టకూడదని గణాచారి ఒక సంబరంలో పలికాడు. అప్పటినుంచి ఆ మనిషి అడ్డు తొలగితే తప్ప ధర్మకర్తకు తోపు దక్కదు, పోలేరమ్మ గుడి మీద పెత్తనం దక్కదు. మా నాన్న చప్పట్ల కోసం అన్న మాటను ఆయన జేబులో వేసుకుని మర్నాడే పాలెంలో అమ్మేశాడు. అమ్మ నోట్లో పంతులు మాట పెట్టాడంట మీ గణాచారి, మీరు చేతులు చాచింది పంతులు ముందరంట అని.

పెద్దలు పంచాయితీ పెట్టారు. గుడి ముందు ఇసుకలో పాలెమంతా కూర్చుంది. ఒక పక్క మా నాన్న, ఒక పక్క గణాచారి. ధర్మకర్తకు కుర్చీ వేశారు. నేను గణాచారి భార్య పక్కన ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను. పాలెం కులపెద్ద, పెద్దకాపు అంటారు, అడిగాడు.

"అయ్యోరు టౌనులో చెప్పింది నిజమేనా? ఆయన పలకమంటే పలికినావా? అబద్ధమయితే చెప్పు. అమ్మను ఎగతాళి చేసినోడికి ఈ పాలెంలో బడి యాడిది? ఈ పొద్దే మూటాముల్లే సర్ది పంపిస్తాం."

అంటే ఇద్దరిలో ఒకరు పోవాలి. గణాచారి కాదంటే మా నాన్న. ఔనంటే ఆయన. ఔనంటే ఇంకొకటి కూడా పోతుంది. ఆయన జీవితమంతా నిజమని నమ్మిన ఆ మధ్యాహ్నం దొంగ పూనకం అయిపోతుంది, అదీ ఆయన నోటితోనే.

ఆయన మా నాన్న వైపు చూశాడు. మా నాన్న ఇసుక వైపు చూశాడు.

"అయ్యోరు అబద్ధం చెప్పడు" అన్నాడు గణాచారి.

అంతే. మా నాన్న అప్పుడైనా లేచి, నేను వేదిక మీద అబద్ధమాడాను, ఆ మాట నేను చెప్పింది కాదు అని ఉండాల్సింది. అనలేదు. అలా అంటే, అయితే పలికింది అమ్మవారే అంటారు. నెల్లూరులో పౌరాణికుడు నవ్వుతాడు. అమ్మవారు గెలవడం ఇష్టంలేక మా నాన్న తన స్నేహితుణ్ణి ఓడించాడు. ఆయన నా తండ్రి. ఆయన దగ్గరే నేను ఆలోచించడం నేర్చుకున్నాను. అందుకే ఈ ఒక్క విషయంలో ఆయన్ని వదిలిపెట్టను.

పెద్దలు దురాయి వేశారు. దురాయి అంటే కులం వేసే కట్టు. ఆ ఇంటికి నిప్పు ఇవ్వరు, బావిలో చేద వేయనివ్వరు, పడవ ఎక్కనివ్వరు, వల తాడు ముట్టనివ్వరు. పెళ్ళికి పిలవరు, చావుకు రారు. బెత్తం లాక్కున్నారు. గజ్జెలు విప్పించారు. ధర్మకర్త కుర్చీలో వెనక్కి వాలి చూశాడు. గణాచారి లేచి ఇంటికి నడుస్తుంటే పిల్లలు వెంటపడి దోసిళ్ళతో ఇసుక చల్లారు. అందరి జబ్బల మీదా ఏడాది నాటి మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆయన మాట వల్ల బతికిన పిల్లలు. వాళ్ళలో ఒకడు ఇవాళ గుడి కమిటీకి అధ్యక్షుడు. ఆయన ఇది చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

మా నాన్న బృందం వాళ్ళకు ఈ సంగతి తెలిసింది. "పోనివ్వండి మాస్టారూ, ఒక మూఢనమ్మకం తగ్గింది" అన్నారు. హేతువాదం పేరుతో అన్న ఆ మాటను కూడా నేను మరిచిపోలేదు. ఆ వాక్యం అన్నవాడి సంతాప సభకు నన్ను పిలిచారు. వెళ్ళలేదు.

కొన్నాళ్ళు మా నాన్న చీకటి పడకముందే, అందరూ చూస్తుండగానే, గణాచారి గుడిసెకు పోయేవాడు. నన్నూ తీసుకుపోయేవాడు. ఆయన గుమ్మంలోనే ఆపేవాడు.

"రాబాక అయ్యోరా. నీకూ చుట్టుకుంటది దురాయి."

"నేను అలాంటివి నమ్మను."

"నువ్వు నమ్మవు. అది నమ్ముద్ది నిన్ను."

తర్వాత గణాచారి తిండికి గడవక కుటుంబాన్ని తీసుకుని దక్షిణాన కోట అనే ఊరు దాటి ఉప్పు కొటార్లలో కూలికి పోయాడు. అరవైల మధ్యలో మా నాన్న నన్ను వెంటబెట్టుకుని బస్సులో అక్కడికి వెళ్ళాడు. గణాచారి మడిలో ఉప్పు గోకుతున్నాడు. జుట్టు కత్తిరించేసుకున్నాడు. కాళ్ళు ఉప్పుకు పగిలి ఉన్నాయి. మమ్మల్ని చూసి పని ఆపాడు.

మా నాన్న పాత ప్రశ్నతోనే పలకరించాడు. "ఏమయ్యా, ఇవాళ అయ్యవా, అమ్మవా?" అన్నాడు.

"రెండూ గాదు అయ్యోరా. వట్టి మనిషిని." తర్వాత నా వైపు చూసి, "పాప పొడుగైందే. అయ్యోరు ఇంకా పప్పేనా?" అన్నాడు.

మా నాన్న గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. గణాచారి ఓదార్చలేదు. గోకిన ఉప్పు కుప్ప చేసుకుంటూ తన పని తాను చూసుకున్నాడు. క్షమించాడని చాలామందికి చెప్పుకోవాలనిపిస్తుంది, కథ అందంగా ముగుస్తుంది కనుక. క్షమించాడో లేదో నాకు తెలియదు. బస్సు వేళకు మమ్మల్ని రోడ్డు దాకా సాగనంపాడు, అంతే తెలుసు. ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. మా నాన్న ఆ తర్వాత కూడా సభల్లో మాట్లాడాడు, కానీ పాలెం టీకాల కథ మళ్ళీ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి బయటికి వెళ్ళేవాడు.

ఇప్పుడు లెక్క తేల్చుకుందాం. ఆ రోజు పలికింది అమ్మవారని గుడి గోడ అంటోంది. మా నాన్న పలికించాడని ఆ రోజు హాలు చప్పట్లు కొట్టింది. రెండూ అబద్ధమే. స్ఫోటకంతో మొహమంతా పోయిన మనిషి, ఆ గుంటలతో జీవితమంతా బతికిన మనిషి, పాలెం భయం ఏమిటో లోపలినుంచి తెలిసిన మనిషి, ఆ భయాన్నే తిప్పి మందుగా ఇచ్చాడు. ఊగుతున్నా, పసుపు నీళ్ళలో తడిసి ఉన్నా, ఆలోచించింది ఆయన బుర్రే. అమ్మ పలికిందని ఆయనే నమ్మాడు కదా అని మీరు అడగవచ్చు. నమ్మాడు. తన తెలివికి తానే వేరే పేరు పెట్టుకున్నాడు. అంతమాత్రాన అది వేరేవాళ్ళ సొత్తు అయిపోదు.

దురాయి వేసిన వాళ్ళు ఏం బావుకున్నారో కూడా చెబుతాను. ధర్మకర్త ఆ ఏడే తోపు నరికించాడు. గుడికి తన పూజారిని పెట్టుకున్నాడు. పాలెం పెద్దలు తమ అమ్మవారి గుడిలోకి ఆయన అనుమతి అడిగి వెళ్ళారు. వాళ్ళకు ఆ శాస్తి జరగాల్సిందే. నాకు జాలి లేదు. పెద్దవాళ్ళంతా పోయాక వాళ్ళ వారసులకు ఆ టీకాల మధ్యాహ్నం అవసరమైంది. దొంగ పూనకమని ఒక మనిషిని వెలివేసి, అదే పూనకాన్ని మహిమ చేసి గోడకెక్కించారు. మరి అది మహిమే అయితే దురాయి ఎందుకు వేసినట్టు? ఈ ప్రశ్న ధర్మకర్త మనవణ్ణి అడిగాను. "అవన్నీ పాత సంగతులు మేడం" అన్నాడు.

పాతవి కావు. గణాచారి మనవలు పాలేనికి తిరిగివచ్చి చివరి ఇంట్లో ఉంటున్నారు. దురాయి ఎత్తేశామని ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. సంబరంలో అమ్మవారి ఘటం ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది, ఇంటావిడ బయటికి వచ్చి నీళ్ళు పోస్తుంది. ఆ ఒక్క ఇంటి ముందు ఆగదు. పంబ కూడా అక్కడ కొట్టరు. ఆయన మనవరాలు బిందె నింపుకుని గుమ్మంలో నిలబడటం కిందటి సంబరంలో నేను చూశాను. ఘటం దాటిపోయాక ఆ నీళ్ళు ములగచెట్టు మొదట్లో పోసి లోపలికి వెళ్ళింది.

ఘటంలో నాకు నమ్మకం లేదు. ఆ అమ్మాయి గుమ్మంలో ఉంది. మీరు భక్తులైతే కొబ్బరికాయలతో వెళ్ళండి, నాలాంటివాళ్ళయితే ఉత్త చేతులతో వెళ్ళండి. ఈ సంబరానికి నెల్లూరు నుంచి, విడవలూరు నుంచి మీరంతా వెళ్ళండి. ఎడమ చేతి చొక్కా, రవిక పైకి లాగి మీ మచ్చ కనపడేట్టు ఆ చివరి ఇంటి దగ్గర దారికి అడ్డంగా నిలబడండి. ఎవరు కసురుకున్నా కదలకండి. ఆ గుమ్మం ముందు ఘటం దించి, దురాయి ఎత్తేశామని పెద్దలు ఆయన మనవలకు మొహం మీద చెప్పేదాకా దారి ఇవ్వకండి.